‘జలచికిత్స’ అనే చిత్రహింస: ఇగ్బరాస్ ఘటనపై సార్జెంట్ రైలీ వాంగ్మూలం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫిలిప్పీన్స్‌పై అమెరికా సాగించిన యుద్ధంలో నిర్బంధితుల నుండి సమాచారం రాబట్టడానికి అమెరికన్ సైనికులు ‘జలచికిత్స’ అనే చిత్రహింసను ప్రయోగించారు. 1900 నవంబరులో పనయ్ ద్వీపంలోని ఇగ్బరాస్ పట్టణంలో జరిగిన అటువంటి విచారణను గురించి సార్జెంట్ చార్ల్స్ ఎస్. రైలీ 1902 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ కమిటీ ఎదుట వాంగ్మూలం ఇచ్చాడు. ఆ వాంగ్మూలం ఎలా వెలువడింది, దానికి ఆధారంగా ఎంత విలువ ఉంది, దాని ఫలితమేమిటి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సైనికుడి సాక్ష్యం హింస జరిగిందన్న వాస్తవాన్ని నిరూపించగలిగినా, ఆ హింసకు బాధ్యతను నిర్ణయించే అధికారం హింసించిన సంస్థ చేతిలోనే మిగిలిపోయిందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫిలిప్పీన్–అమెరికన్ యుద్ధం, ఇగ్బరాస్, జలచికిత్స, సైనిక విచారణ, లీబర్ నియమావళి, సెనేట్ కమిటీ, కోర్ట్ మార్షల్.

1. ఉపోద్ఘాతం

యుద్ధచరిత్ర రచనకు సైన్యాధికారుల నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, ఉత్తరప్రత్యుత్తరాలు ప్రధాన ఆధారాలుగా నిలుస్తూ వచ్చాయి. ఇవి యుద్ధం ఎలా నడవాలని పాలకులు కోరుకున్నారో చెబుతాయి. అది క్షేత్రంలో ఎలా నడిచిందో తెలుసుకోవడానికి మాత్రం సామాన్య సైనికుల లేఖలను, జ్ఞాపకాలను, వాంగ్మూలాలను ఆశ్రయించక తప్పదు. బందీల విచారణ వంటి విషయాలలో ఈ అవసరం మరింత ఎక్కువ. విచారణ నాలుగు గోడల మధ్య జరుగుతుంది. అక్కడ ఉండేవారు ప్రశ్నించేవారు, ప్రశ్నింపబడేవారు, వారిని కాపలా కాసేవారు మాత్రమే. ప్రశ్నించినవారు చెప్పరు. ప్రశ్నింపబడినవారు చెప్పినా, శత్రువు మాటగా ఎవరూ లెక్కచేయరు. మిగిలినది కాపలా కాసిన సైనికుడి మాట ఒక్కటే.

సార్జెంట్ రైలీ వాంగ్మూలం అటువంటిది. అందులోని ప్రధాన విషయాన్ని సంబంధిత అధికారి సైతం కాదనలేదు. అయినా దాని ఫలితం ఆశ్చర్యం కలిగించేంత స్వల్పంగా ఉంది. నిరూపణకు, ఫలితానికి మధ్య ఉన్న ఈ దూరమే ఈ వ్యాసానికి ప్రధాన సమస్య.

2. చారిత్రక నేపథ్యం

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో అమెరికా విజయం సాధించింది. అదే సంవత్సరం డిసెంబరు 10న కుదిరిన పారిస్ ఒప్పందం ప్రకారం స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. అప్పటికే స్పెయిన్‌పై తిరుగుబాటు చేసి, ఎమిలియో అగినాల్డో నాయకత్వంలో స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకున్న ఫిలిప్పీన్ ప్రజలకు ఈ ఒప్పందంలో స్థానం లేదు. 1899 ఫిబ్రవరి 4న మనీలా సమీపంలో రెండు సైన్యాల మధ్య పోరు మొదలైంది.

ముఖాముఖి యుద్ధంలో నిలవలేమని గ్రహించిన అగినాల్డో 1899 నవంబరులో గెరిల్లా పద్ధతికి మారాడు. దానితో యుద్ధస్వభావమే మారిపోయింది. పగలు పొలం దున్నే రైతు రాత్రి గెరిల్లా కావచ్చు. అమెరికన్ల ఆమోదంతో పట్టణ ప్రెసిడెంటే పదవిలో కూర్చున్న వ్యక్తి లోపల గెరిల్లాలకు పన్నులు వసూలు చేసి పంపుతూ ఉండవచ్చు. ఆయుధాలు ఎక్కడ దాచారు, దళం ఏ కొండలలో ఉంది, వార్త ఎవరు మోస్తున్నారు అన్న ప్రశ్నలకు సమాధానం అమెరికన్ సైన్యానికి తుపాకులకన్నా విలువైనదైంది. భాష తెలియని, ప్రజల సహకారం లేని సైన్యం ఆ సమాధానాలను బలవంతంగా రాబట్టడానికి పూనుకుంది.

ఈ సందర్భంలో ‘జలచికిత్స’ అనే పదం ప్రచారంలోకి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో ఈ పేరుతో ఒక వైద్యపద్ధతి ఉండేది. ప్రకృతి వైద్యంతో పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు ఈ మాట కొత్తది కాదు. సైనికులు ఆ పేరునే హింసకు పెట్టుకున్నారు. బందీని వెల్లకిలా పడవేసి, కాళ్లూ చేతులూ కదలకుండా పట్టుకొని, నోరు తెరిపించి, పొట్ట ఉబ్బేదాకా నీళ్లు పోయడం, తరువాత పొట్టను నొక్కి ఆ నీటిని కక్కించడం, చెప్పకపోతే మళ్లీ మొదలుపెట్టడం ఇందులోని క్రమం. వైద్యానికి చెందిన పేరు తగిలించడం వల్ల హింసించేవాడికి తాను చేస్తున్నది హింస కాదన్న వెసులుబాటు దొరికింది. భాష చేసిన ఈ సాయాన్ని చరిత్రకారులు విస్మరించరాదు.

3. లేఖల నుండి సెనేట్ వరకు

మనీలా నుండి వెళ్లే పత్రికా తంతివార్తలపై సైన్యం కఠినమైన సెన్సార్‌షిప్ అమలు చేసింది. 1899 జులైలో అమెరికన్ విలేకరులే దీనిపై బహిరంగంగా నిరసన తెలిపారు. అయితే సైనికులు ఇళ్లకు రాసుకునే ఉత్తరాలకు ఈ అడ్డంకి లేదు. కుటుంబసభ్యులు, మిత్రులు ఆ ఉత్తరాలను స్థానిక పత్రికలకు అందించేవారు. 1900 మే నెలలోనే ఒమాహాలోని ఒక పత్రికలో 32వ వాలంటీర్ పదాతిదళ సైనికుడి లేఖ వెలువడింది. దాచిన తుపాకుల ఆచూకీ కోసం ‘జలచికిత్స’ ఎలా చేస్తారో అందులో వివరంగా ఉంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్తాంప్టన్‌కు చెందిన రైలీ 26వ వాలంటీర్ పదాతిదళంలో పనిచేశాడు. ఇగ్బరాస్ ఘటనను వర్ణిస్తూ అతడు రాసిన లేఖ కూడా ఇలాగే అతని స్వస్థలంలోని పత్రికలో అచ్చయింది. ఈ లేఖ స్వరం గమనార్హం. అందులో ఫిర్యాదు లేదు, పశ్చాత్తాపం లేదు. ఒక దండయాత్ర విశేషాలను ఇంటివారికి ఉత్సాహంగా చెప్పే ధోరణి మాత్రమే ఉంది. నీళ్లు పోయడంతో ప్రెసిడెంటే నోరు విప్పాడన్న మాట ఒక విజయవార్తగానే వస్తుంది. సైన్యాన్ని నిందించే ఉద్దేశంతో కథ అల్లాడన్న ఆరోపణ ఈ కారణంగానే అతని విషయంలో నిలవలేదు. దాచవలసిన సంగతి అని తోచకపోవడమే ఈ లేఖకు ప్రామాణికతను ఇచ్చింది. ఆ పద్ధతి సైనికులకు ఎంత మామూలైపోయిందో చెప్పే ఆధారం కూడా అదే.

ఇటువంటి లేఖలు పెరగడంతో సామ్రాజ్యవాద వ్యతిరేకులు వాటిని సేకరించసాగారు. మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ ఫ్రిస్బీ హోర్ 1902 జనవరిలో విచారణ జరపాలని కోరాడు. ఆయన అధికారపక్షమైన రిపబ్లికన్ పార్టీవాడే. ఫిలిప్పీన్స్ వ్యవహారాలు చూసే సెనేట్ కమిటీకి ఈ విచారణ అప్పగించబడింది. దానికి అధ్యక్షుడు హెన్రీ కాబట్ లాడ్జ్. ఆయన ఫిలిప్పీన్స్ ఆక్రమణను గట్టిగా సమర్థించినవాడు. విచారణ 1902 జనవరి 31న మొదలై జూన్ 28న ముగిసింది. యుద్ధశాఖ కార్యదర్శి ఎలిహు రూట్ ఫిబ్రవరిలో కమిటీకి సమర్పించిన పత్రాలలో క్రూరత్వ ఆరోపణలు నిరాధారమైనవి లేదా అతిశయోక్తులు అన్న వైఖరి తీసుకున్నాడు. రైలీ వాంగ్మూలం ఈ వైఖరిని నేరుగా సవాలు చేసింది.

4. రైలీ వాంగ్మూలం

1902 ఏప్రిల్ 14న రైలీ కమిటీ ముందు హాజరయ్యాడు. వాలంటీర్ దళాలు 1901లోనే రద్దయ్యాయి. అందువల్ల అప్పటికి అతడు సైనిక క్రమశిక్షణకు లోబడినవాడు కాదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ సేవలో కొనసాగుతున్న సైనికుడు పై అధికారిపై సాక్ష్యం చెప్పడానికి వెనుకాడే పరిస్థితిలో, మాజీ సైనికుడు కావడమే రైలీ నోరు విప్పగలగడానికి ఒక కారణం.

అతడు చెప్పినదాని సారాంశం ఇది. 1900 నవంబరు 27న సైనికులు తెల్లవారే వేళకు ఇగ్బరాస్ చేరారు. పట్టణం ప్రశాంతంగా ఉంది. కెప్టెన్ ఎడ్విన్ ఎఫ్. గ్లెన్ ఆధ్వర్యంలో పట్టణ ప్రెసిడెంటే ఎయాల్డామాను పిలిపించి ప్రశ్నించారు. సమాధానాలు తృప్తినివ్వలేదు. చర్చికి చెందిన కాన్వెంటు భవనంలో ఒక పెద్ద నీటి తొట్టి, దానికి కుళాయి ఉన్నాయి. ఎయాల్డామాను దాని కింద పడుకోబెట్టి నోటిలోకి నీరు వదిలారు. ఒక సైనికుడు పొట్టను నొక్కుతూ ఉన్నాడు. కొంతసేపటికి ఆయన మాట్లాడతానన్నాడు. తాను గెరిల్లాలకు సహకరిస్తున్న సంగతి ఒప్పుకున్నాడు.

అంతటితో అది ముగియలేదు. సైన్యం రాకను గురించి గెరిల్లాలకు కబురు వెళ్లిందా అన్న ప్రశ్న మిగిలింది. దానికోసం భవనం వెలుపల రెండవసారి అదే ప్రయోగం చేశారు. ఈసారి కుళాయి బదులు పిచికారీ వాడారు. నీటిలో ఉప్పు కలిపారు. సైన్యానికి చెందిన ఒక వైద్యుడు అక్కడే ఉన్నాడు. తరువాత ఎయాల్డామాను దారి చూపడానికి కొండలలోకి తీసుకువెళ్లారు. పట్టణానికి నిప్పు పెట్టారు.

ఈ వాంగ్మూలంలో మూడు అంశాలు విశ్లేషణకు ముఖ్యమైనవి. మొదటిది, ఇది ఆవేశంలో జరిగిన చర్య కాదు. నీళ్లు పోసేవారికి ఆ పని కొత్త కాదు. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు ఆపాలో వారికి తెలుసు. రెండవది, అధికారుల సమక్షం. కొందరు సైనికులు అదుపు తప్పి చేసిన పనిగా దీనిని చూపడానికి వీలులేదు. మూడవది, వైద్యుడి పాత్ర. ప్రాణం పోకుండా చూడటం అక్కడ దయ అనిపించుకోదు, అది హింసను కొనసాగించే ఏర్పాటులో భాగం.

రైలీ దళానికే చెందిన మరొక మాజీ సైనికుడు కూడా హాజరై అతని కథనాన్ని బలపరిచాడు. ఇక కమిటీలోని అధికారపక్ష సభ్యులు వాస్తవాన్ని ఖండించడం కన్నా, దాని పరిధిని కుదించడానికి ప్రయత్నించారు. బందీలను సాధారణంగా ఎలా చూసేవారు, సైనికులు ప్రజలతో దయగా మెలిగేవారు కాదా వంటి ప్రశ్నలు ప్రతి సాక్షికీ ఎదురయ్యాయి. ఆ ప్రశ్నలకు సైనికులు తరచుగా అనుకూలంగానే జవాబిచ్చారు. సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ అటువంటి అనుకూల భాగాలను ఏర్చి ప్రత్యేక పత్రంగా ప్రచురింపజేశాడు. ఒకే వాంగ్మూలాన్ని రెండు పక్షాలూ తమకు అనువుగా వాడుకున్న తీరు ఇక్కడ స్పష్టమవుతుంది.

5. నియమావళి – ఆచరణ

ఇగ్బరాస్‌లో జరిగినది అప్పటి చట్టం ప్రకారం తప్పా, కాదా అన్న ప్రశ్నకు సమాధానం సందిగ్ధమైనది కాదు. అమెరికన్ అంతర్యుద్ధ కాలంలో ఫ్రాన్సిస్ లీబర్ రూపొందించిన యుద్ధనియమావళి 1863లో సాధారణ ఉత్తర్వు నం. 100గా వెలువడింది. ఫిలిప్పీన్స్‌లోనూ అదే అమలులో ఉంది. సైనిక అవసరం పేరుతో క్రూరత్వాన్ని, ఒప్పుకోలు రాబట్టడానికి చిత్రహింసను అనుమతించరాదని దాని 16వ అధికరణం చెబుతుంది. సమాచారం కోసం బందీలపై బలప్రయోగం కూడదని 80వ అధికరణం చెబుతుంది.

అయితే ఇదే ఉత్తర్వులో గెరిల్లాలకు వ్యతిరేకంగా కఠినమైన నిబంధనలు కూడా ఉన్నాయి. యూనిఫాం లేకుండా, మధ్యమధ్య ఇళ్లకు తిరిగివెళ్తూ పోరాడేవారికి యుద్ధఖైదీల హక్కులు ఉండవని అది పేర్కొంటుంది. ఇగ్బరాస్ ఘటన జరిగిన మూడు వారాలకు, 1900 డిసెంబరు 20న, సైనిక గవర్నర్ జనరల్ ఆర్థర్ మెకార్థర్ ఈ కఠిన నిబంధనలను పూర్తిగా అమలుచేస్తామని ప్రకటించాడు. అంటే, ఒకే నియమావళిలోని శిక్షించే భాగానికి బహిరంగ ప్రకటన లభించింది, రక్షించే భాగం కాగితానికే పరిమితమైంది. చట్టం లేకపోవడం వల్ల కాక, ఉన్న చట్టంలో ఏ భాగాన్ని చదవాలో సైన్యమే నిర్ణయించుకోవడం వల్ల ఇగ్బరాస్ సాధ్యమైంది.

6. గ్లెన్ విచారణ

రైలీ వాంగ్మూలం వెలువడిన వెంటనే యుద్ధశాఖ స్పందించవలసి వచ్చింది. గ్లెన్‌పై కోర్ట్ మార్షల్‌కు ఆదేశాలు వెలువడ్డాయి. విచారణ సమర్ ద్వీపంలోని కట్బలోగన్‌లో జరిగింది. గ్లెన్ సామాన్యమైన అధికారి కాడు. న్యాయశాస్త్రం చదివినవాడు. విసాయస్ ప్రాంతపు సైనిక విభాగానికి న్యాయాధికారిగా పనిచేసినవాడు. అంటే, ఉత్తర్వు నం. 100లో ఏమున్నదో ఇతరులకు చెప్పవలసిన వ్యక్తి.

అతడు నీటి ప్రయోగం జరగలేదని వాదించలేదు. అది సైనిక అవసరం వల్ల సమర్థనీయమని, యుద్ధం త్వరగా ముగియడానికి, ఎందరో ప్రాణాలు దక్కడానికి తోడ్పడిందని వాదించాడు. న్యాయస్థానం అతడిని దోషిగా తేల్చింది. శిక్ష ఒక నెల పాటు విధుల నుండి తొలగింపు, 50 డాలర్ల జరిమానా. పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని శిక్ష తగ్గించామని న్యాయస్థానమే పేర్కొంది.

సైన్యపు ప్రధాన న్యాయాధికారి జార్జ్ బి. డేవిస్ ఈ తీర్పును సమీక్షించి, నిరూపణ అయిన నేరానికి ఈ శిక్ష చాలదని అభిప్రాయపడ్డాడు. ఒప్పుకోలు కోసం చిత్రహింసను అమెరికా తన యుద్ధపద్ధతులలో ఒకటిగా అంగీకరించజాలదని, ఉత్తర్వును ఉల్లంఘించవలసినంతటి అత్యవసర పరిస్థితి ఇగ్బరాస్‌లో లేదని ఆయన వివరించాడు. అయినా శిక్ష మారలేదు. ఈ విచారణలో సాక్ష్యం చెప్పిన ఎయాల్డామా ఆ సమయానికి ఖైదీగా శిక్ష అనుభవిస్తున్నాడు. హింసించినవాడికి ఒక నెల విధుల తొలగింపు, హింసకు గురైనవాడికి కారాగారం అన్న ఈ పోలికకు వ్యాఖ్యానం అవసరం లేదు.

పనయ్ ద్వీపంలోనే ఫాదర్ అగస్టిన్ అనే మతగురువు 1900 డిసెంబరులో ఇదే ప్రయోగం వల్ల మరణించాడు. దానికి కారకుడైన కెప్టెన్ కార్నీలియస్ బ్రౌనెల్ అప్పటికే సైనిక సేవ నుండి వైదొలగినందున అతడిపై విచారణ జరపడానికి సైన్యానికి అధికారం లేదని తేల్చారు. సేవలో లేకపోవడం రైలీకి మాట్లాడే స్వేచ్ఛనిచ్చింది. సేవలో లేకపోవడమే బ్రౌనెల్‌కు శిక్ష నుండి రక్షణ ఇచ్చింది.

1902 జులై 4న అధ్యక్షుడు థియొడొర్ రూజ్వెల్ట్ యుద్ధం ముగిసినట్లు ప్రకటించాడు. లాడ్జ్ కమిటీ ఎటువంటి తుది నిర్ధారణలనూ ప్రకటించలేదు. వేల పుటల వాంగ్మూలాలు అచ్చయి మిగిలాయి. తరువాతి కాలంలో గ్లెన్ ఉన్నత పదవులకు ఎదిగాడు. 1914లో అమెరికన్ సైన్యం వెలువరించిన భూయుద్ధ నియమాల గ్రంథాన్ని రూపొందించే బాధ్యత అతడికే దక్కింది. లీబర్ నియమావళి సంప్రదాయాన్ని కొనసాగించిన గ్రంథమది.

7. వాంగ్మూలం పరిమితులు

రైలీ వాంగ్మూలాన్ని ఆధారంగా స్వీకరించేటప్పుడు దాని పరిమితులను కూడా గుర్తించాలి. అందులో ఎయాల్డామా ఒక శరీరంగా, ఒక సమాచార నిధిగా మాత్రమే కనిపిస్తాడు. ఆయన ఏమనుకున్నాడు, ఎవరిని కాపాడాలని మొదట మౌనం వహించాడు, నోరు విప్పిన తరువాత తనవారి ముందు ఎలా నిలిచాడు అన్న ప్రశ్నలు సైనికుడికి తోచవు. ఆంగ్ల ఆధారాలలో ఆయన పేరు కూడా నిలకడగా లేదు. ఒకచోట టొబెనియానో అని, మరొకచోట జొవెనియానో అని కనిపిస్తుంది. కోర్ట్ మార్షల్‌లో ఆయన సాక్ష్యం నమోదైనా, అది కూడా ఆక్రమించిన సైన్యపు న్యాయస్థానంలో, ఖైదీ హోదాలో, ఆ సైన్యం అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబు. ఇగ్బరాస్ నుండి తగలబడిన ఇళ్లవారి గొంతు ఈ రికార్డులో దాదాపు వినిపించదు.

మరొక పరిమితి ఉంది. సాక్షి తాను చూసిన ఒక్క ఘటననే చెప్పగలడు. ఆ ఘటన ఒక పద్ధతిలో భాగమా, కాదా అన్నది తేల్చవలసినది అతని మాటను విన్న సంస్థ. లాడ్జ్ కమిటీ ఆ పని చేయలేదు. కొన్ని కోర్ట్ మార్షళ్లతో, కొందరు అధికారుల తొందరపాటుగా ఈ విషయం సర్దుబాటయింది.

ఒక శతాబ్దం తరువాత ఇరాక్ యుద్ధంలో ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన కెప్టెన్ ఇయన్ ఫిష్‌బ్యాక్ ఫలూజా సమీపంలోని శిబిరంలో నిర్బంధితులను హింసించిన తీరును గురించి 2005 సెప్టెంబరులో సెనేటర్ జాన్ మెకైన్‌కు లేఖ రాశాడు. బందీలతో ఎలా వ్యవహరించాలో స్పష్టమైన ప్రమాణాలు చెప్పమని 17 నెలలపాటు పై అధికారులను అడిగినా తనకు సమాధానం దొరకలేదన్నది అతని ప్రధాన ఫిర్యాదు. రైలీ తాను చూసినది మాత్రమే చెప్పాడు. ఫిష్‌బ్యాక్ తాను చూసినదానికి బాధ్యత ఎవరిదని అడిగాడు. అదే ఏడాది డిసెంబరులో నిర్బంధితుల చికిత్సా చట్టంగా కాక, నిర్బంధితుల పట్ల వ్యవహరించవలసిన తీరును నిర్దేశించే చట్టంగా ఒక శాసనం వెలువడటానికి అతని లేఖ తోడ్పడింది. సాక్ష్యం వ్యక్తిగత నేరాన్ని దాటి విధానాన్ని ప్రశ్నించినప్పుడే చట్టసభ కదిలిందన్నది ఈ పోలిక వల్ల తెలుస్తున్నది.

8. ముగింపు

ఇగ్బరాస్ ఘటనకు సంబంధించిన ఆధారాలను పరిశీలించినప్పుడు ఈ క్రింది అంశాలు తేటతెల్లమవుతాయి.

• సెన్సార్‌షిప్ ఉన్న యుద్ధంలో సైనికుల వ్యక్తిగత లేఖలు అధికారిక కథనానికి ప్రత్యామ్నాయ ఆధారాలుగా నిలిచాయి. ఫిర్యాదు ఉద్దేశం లేకుండా రాసిన లేఖే ఎక్కువ ప్రామాణికమైంది.

• చిత్రహింస నిషిద్ధమని లిఖిత నియమం ఉన్నా, ‘సైనిక అవసరం’ అన్న మాట ఆ నియమాన్ని నిర్వీర్యం చేసింది.

• రైలీ వాంగ్మూలం వాస్తవాన్ని నిరూపించింది. కానీ నేరం పరిమాణాన్ని, శిక్షను, బాధ్యతను నిర్ణయించినది సైన్యమే.

• ఈ రికార్డులో హింసకు గురైనవారి స్థానం అతి స్వల్పం. దానిని గుర్తించకుండా సైనికుడి సాక్ష్యాన్ని సంపూర్ణ చరిత్రగా స్వీకరించరాదు.

సాక్ష్యం లభించకపోవడం వల్ల న్యాయం జరగలేదని చరిత్రలో తరచుగా చెప్పుకొంటాం. ఇగ్బరాస్ విషయంలో ఆ మాట చెల్లదు. సాక్షి ఉన్నాడు, నిందితుడి ఒప్పుకోలు ఉంది, నిషేధించే నియమం ఉంది, దోషి అన్న తీర్పు కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఒక పట్టణం దహనానికి, ఒక మనిషి చిత్రహింసకు చరిత్ర కట్టిన వెల 50 డాలర్లు. వాస్తవాన్ని వెలికితీయడంతో చరిత్రకారుడి పని సగమే పూర్తవుతుందని, ఆ వాస్తవాన్ని ఎవరు, ఎలా తూచారో చెప్పడం మిగిలిన సగమని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.